గామా పేలుళ్ళు, గ్రామ పేలుళ్ళు

చిన్నగుండ్లగూడ,
శంషాబాద్ మండలం,
జులై 9.

గ్రామ పేలుళ్ళ పరిసరాల అధికారి శ్రీ డాక్టర్ సత్తిబాబు గారి సముఖానికి,

చిన్నగుండ్లగూడ అంగన్‌వాడీ టీచర్ అనంతమ్మ నమస్కరించి పెట్టుకుంటున్న అర్జీ.

అయ్యా, మొన్న ఆదివారం పేపర్లో మీరు రాసిన "గ్రామ పేలుళ్ళ పరిసరాలు: ఎక్స్-రే పరిశోధన" అనే వ్యాసం రెండుసార్లు చదివాను. లోపల నక్షత్రాల గురించి చాలా ఉంది. అది మీ చదువు గొప్పతనం అనుకుని దాటేశాను. నాకు కావలసిన ముక్క రెండో పేరాలో దొరికింది. "పేలుడు జరిగిన చోట చుట్టూ ఏముందో, ఎంత దుమ్ముందో ఎక్స్-రేలతో తేల్చడమే నా పని" అన్నారు. ఇలాంటి అధికారి ఒకరున్నారని మూడేళ్ళుగా మాకెవరూ చెప్పలేదు.

మా ఊరు తుక్కుగూడ నుంచి లోపలికి ఆరు కిలోమీటర్లు. ఊరి వెనక గుట్టను రాయి కోసం పేలుస్తున్నారు. రోజూ పదకొండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి. అంగన్‌వాడీ గుట్ట వైపే ఉంది. పద్దెనిమిది మంది పిల్లలు. తల మీదుగా విమానం పోతే చేతులూపుతారు, గుట్ట పేలితే చెవులు మూసుకుంటారు. రెండేళ్ళ వాళ్ళకు కూడా ఆ తేడా తెలుసు. పడమటి గోడ బీటలో నా వేలు దూరుతోంది.

ఒక ఆఫీసులో దుమ్ము తమది కాదన్నారు. ఇంకో ఆఫీసులో అదురు తమది కాదన్నారు. మూడో ఆఫీసులో గోడ ఫోటో సరిగ్గా రాలేదన్నారు. మీది ఎక్స్-రే గనుక ఆ బాధ లేదు. దయచేసి వచ్చి మా గోడకు ఎక్స్-రే తీసి కాగితం ఇప్పించగలరని ప్రార్థన.

ఇట్లు,
మీ జీపు కోసం రోడ్డు వైపు చూస్తున్న
అనంతమ్మ

తా.క. మిషను బరువైతే మొహమాటపడకండి. పక్కింటి వీరేందర్ ట్రాక్టరు పంపుతానన్నాడు. మిషను అద్దం పగలకుండా ట్రాలీలో గడ్డి కూడా పరుస్తాడట.

*

బడంగ్‌పేట్,
జులై 16.

అనంతమ్మ గారికి నమస్కారం.

మీ ఉత్తరం మా పరిశోధనా సంస్థకు చేరింది. "పేలుళ్ళ అధికారి" అని ఉండటంతో గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు దాన్ని రెండు రోజులు ఇసుక బకెట్ పక్కన ఉంచి, ఏమీ కాలేదని నిర్ధారించుకుని నాకిచ్చారు.

మిమ్మల్ని నిరాశపరచవలసి వస్తోంది. నేను పంపిన వ్యాసం పేరు "గామా పేలుళ్ళ పరిసరాలు". పత్రికలో ఎవరో దయగల సబ్ ఎడిటరు గామా అన్నది తప్పనుకుని, రావత్తు తగిలించి, చివరి దీర్ఘం తీసి, గ్రామ చేశారు. ఒక చోట కాదు, ఇరవై రెండు చోట్ల. వ్యాసం చదివి నాకు ఫోన్ చేసినవారు ఇద్దరే. మా అమ్మ, మా బీమా ఏజెంటు. ఇద్దరూ చాలా బాగుందన్నారు. ఇద్దరికీ తేడా తెలియలేదు.

గామా పేలుడంటే ఒక పెద్ద నక్షత్రం చచ్చిపోతూ కొన్ని క్షణాల పాటు చిమ్మే వెలుగు. నేను ఇప్పుడు చూస్తున్నది పదకొండు వందల కోట్ల ఏళ్ళ కిందట జరిగింది. నా దగ్గర మిషను లేదు. అది ఉపగ్రహంలో ఉంది. ఉపగ్రహం నాది కాదు. అది పంపే అంకెలు కంప్యూటర్లోకి వస్తాయి, ఆ కంప్యూటరు సంస్థది. నాదంటూ ఉన్నది కుర్చీలో వేసుకునే దిండొక్కటే.

మీ గోడ సంగతి చదివి బాధ కలిగింది. మీ ఫోన్ నంబరు రాస్తే మాట్లాడతాను.

ఇట్లు,
అధికారం ఏమీ లేని
సత్తిబాబు

తా.క. వీరేందర్ గారికి కృతజ్ఞతలు చెప్పండి. పదకొండేళ్ళ ఉద్యోగంలో నాకు వాహనం పంపుతానన్నది ఆయనొక్కరే.

*

చిన్నగుండ్లగూడ,
జులై 22.

డాక్టర్ సత్తిబాబు సారుకు,

అనంతమ్మ నమస్కారాలు. మూడేళ్ళలో నా అర్జీకి వచ్చిన మొదటి జవాబు మీది. కాదని రాసినా సంతోషంగానే ఉంది.

కానీ సార్, దూరం ఎక్కువ, నాకు అధికారం లేదు, మిషను నాది కాదు, ఈ మూడు మాటలూ నేను ఇంతకుముందే విన్నాను. మూడు వేర్వేరు ఆఫీసుల్లో విన్నాను. మీరొక్కరే మూడూ కలిపి ఒకే కాగితం మీద రాశారు. ఉత్తరం చదివి వినిపిస్తే మా ఆయా దుర్గవ్వ ఏమన్నదో తెలుసా? "గంత దూరంల పేలింది ఈడ కూసొని చూస్తడంట. మన గుట్ట చూడనీకి ఏమైతది ఆయనకు? గోడకు పర్రె గింత పెద్దగున్నది, కండ్లద్దాలు లేకున్నా కనబడ్తది" అన్నది. నేను ఏం చెప్పాలి?

మిషను ఉపగ్రహంలో ఉందన్నారు. మంచిదే, ట్రాక్టరు పని తప్పింది. అది మా ఊరి మీదుగా ఏ రోజు ఎన్ని గంటలకు పోతుందో రాయండి. ఆ పూట పిల్లలను బయట కూర్చోబెడతాను. గోడ మీద ఆరేసిన బట్టలు కూడా తీయిస్తాను.

పదకొండు వందల కోట్ల ఏళ్ళ నాటి ఫైలు మీరింకా మూయలేదంటే మీరు నిదానస్తులని అర్థమైంది. మా ఫైలుకు మూడేళ్ళే. మధ్యలో మాది జర చూడండి.

ఫోన్ నంబరు ఇవ్వను. ఫోనులో చెప్పిన మాటకు ముద్ర పడదు.

ఇట్లు,
రిజిస్టర్డ్ పోస్టు రసీదు దాచుకున్న
అనంతమ్మ

తా.క. కాగితం మీద పుస్తకం భాషే రాయాలని మా సూపర్‌వైజర్ చెప్పింది, అందుకే ఇట్లా రాస్తున్నాను. ఇంకోసారి దూరం అన్నరనుకో, నా భాషల రాస్త.

*

(సంస్థ పేరు, చిహ్నం ముద్రించిన కాగితం మీద)
జులై 30.

అనంతమ్మ గారికి,

నమస్కారం. ఇంట్లో కాగితాలు అయిపోయి ఆఫీసు కాగితం మీద రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

ఉపగ్రహం మీ ఊరిని చూడదండీ. అది భూమికి వీపు పెట్టి ఆకాశం వైపు చూస్తుంది. మా ఊరినీ చూడదు. ఎక్స్-రేలు మేం పంపేవి కావు, పేలుడు నుంచే వస్తాయి. పేలుడు క్షణాల్లో అయిపోయినా, మంట ఆరిన పొయ్యి వేడిగా ఉన్నట్టు, ఎక్స్-రే వెలుగు కొన్ని రోజులు మిగులుతుంది. ఆ వెలుగు మన దాకా రావాలంటే పేలిన చోటు చుట్టూ ఉన్న దుమ్మూ వాయువూ దాటాలి. దారిలో ఒక్కో పదార్థం ఒక్కో ముక్క తినేస్తుంది. ఏది ఎంత తిన్నదో నేను కాగితం మీద గీత గీసి పట్టుకుంటాను. ఎంత దూరంలో ఉన్నా, ఎన్నేళ్ళయినా, తిన్నది దాగదు. నా విద్య అంతా ఇంతే.

మీకు కాబట్టి ఒక సంగతి చెబుతున్నాను, ఇంకా ఎవరికీ తెలియదు. ఒక పేలుడు పక్కన నాకు ఇనుము దొరికింది! గీతలో చిన్న గూనిలాగా కనిపించింది. ఆగస్టు నెలాఖరున పెద్ద సభలో అందరి ముందూ బయటపెట్టబోతున్నాను. పదకొండేళ్ళలో నేను కనిపెట్టిన మొదటి వస్తువు ఇది. అంతకుముందు ఒకసారి మా డైరెక్టరు గారి కళ్ళజోడు కనిపెట్టాను గానీ దాన్ని లెక్కలో వేసుకోలేదు.

ఇట్లు,
మీ గోడకు ఎందుకూ పనికిరాని
సత్తిబాబు

తా.క. మా నాన్న కాలువల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసేవారు. వంతెన గోడ బీట మీద పలచటి గాజుముక్కను అడ్డంగా పెట్టి, రెండు కొసలా సిమెంటుతో అతికించి, పక్కన తేదీ రాసేవారు. గాజు పగిలితే బీట పెరుగుతోందని లెక్క. మీరూ ఓ నాలుగైదు అతికించండి. పగిలితే మాత్రం ఆ గోడ దగ్గర ఎవరినీ కూర్చోనివ్వకండి. ఇది పెద్ద శాస్త్రం కాదు. నాకు అనుమానం లేకుండా తెలిసింది మాత్రం ఇదొక్కటే.

*

చిన్నగుండ్లగూడ,
ఆగస్టు 11.

సత్తిబాబు సారుకు అనంతమ్మ వేయి నమస్కారాలు.

మీ ఉత్తరం చేసిన పని మీరే నమ్మరు!

వీరేందర్ ఇంట్లో పగిలిన కిటికీ అద్దాన్ని ముక్కలు కోయించి, నేనూ దుర్గవ్వా బీట పొడుగునా ఐదు చోట్ల అతికించాం. అప్పుడే గుట్ట మేనేజరు రాజశేఖర్ మోటారు సైకిల్ మీద పోతూ ఆగాడు.

"ఏంది టీచరమ్మా, గోడకు అద్దాలు పెడ్తున్నరు? పండుగనా?" అని నవ్వాడు.

"పండుగ కాదు. పేలుళ్ళ పరిసరాల సైంటిస్టు సారు పెట్టమన్నడు," అన్నాను. మీ కాగితం చూపించాను. ముద్రించిన చిహ్నం చూసి బండి దిగాడు. "ఏది ఎంత తిన్నదో కాగితం మీద పట్టుకుంటాను, ఎన్నేళ్ళయినా తిన్నది దాగదు" అన్నచోట గట్టిగా చదివి వినిపించాను. రాజశేఖర్ మొఖం సున్నం కొట్టినట్టయింది.

"ఎవరెవరు తిన్నరో పేర్లు గిట్ల రాసిండా?"

"ఇంకా రాయలే. నెలాఖరుకు పెద్ద సభల అందరి ముంగట చెప్తడంట."

కింద ఇంకో ముక్క ఉంటే అతనే వేలు పెట్టి చదువుకున్నాడు. "ఇనుము దొరికిందా! అమ్మా, ఇనుము సంగతి మాకు తెల్వదు. మాకు రాయికే పర్మిషనున్నది. జర సారుకు చెప్పు," అని బండి వెనక్కి తిప్పుకుని పోయాడు.

ఆ నాలుగింటికి గుట్ట పేలలేదు. మర్నాడు పేలలేదు. మూడు రోజులు పేలలేదు. నాలుగో రోజు మళ్ళీ మొదలుపెట్టారు గానీ, ఆ మూడు రోజులూ పిల్లలు మధ్యాహ్నం ఉలిక్కిపడకుండా పడుకున్నారు.

ఇట్లు,
మీరు అధికారి కాదంటే ఇగ నమ్మని
అనంతమ్మ

తా.క. ఇంకో ఉత్తరం రాయండి సార్. విషయం ఏదైనా పరవాలేదు, కాగితం మాత్రం అదే వాడండి.

*

బడంగ్‌పేట్,
ఆగస్టు 19.
(ఇది ఇంటి కాగితం. కొత్తగా కొన్నాను.)

అనంతమ్మ గారికి,

నమస్కారం. కొంప మునిగిందండీ. మీ గుట్ట యజమాని మా డైరెక్టరు హరిప్రసాద్ గారికి ఫోన్ చేశాడు. ఆయన నన్ను పిలిచారు.

"సత్తిబాబూ, నువ్వు ఇనుము కనిపెట్టావా?"

"అవును సార్." పదకొండేళ్ళలో ఆయన నా పని గురించి అడిగిన మొదటి ప్రశ్న అది. గుండె పొంగింది.

"ఎక్కడ?"

"చాలా దూరంలో సార్. వెలుగుకే పదకొండు వందల కోట్ల ఏళ్ళ ప్రయాణం."

"మరి తుక్కుగూడ నుంచి ఫోన్ వచ్చిందేమిటి?"

రెండు పేజీల సంజాయిషీ రాసిచ్చాను. అందులో మీ పేరు, దుర్గవ్వ గారి పేరు, సబ్ ఎడిటరు పెట్టిన రావత్తు, అన్నీ వచ్చాయి. ఆయన చదివి, "నీ పరిశోధన పత్రాలకంటే ఇది బాగుంది" అన్నారు.

నేను అధికారిని కాదని మీరు నమ్మాలంటే నా పని మీ కళ్ళతో చూడాలి. అందుకని మూడు గీతల కాగితాలు జతచేశాను. మొదటిది ఇనుము దొరికిన పేలుడు, గూని ఉన్నచోట ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టాను. రెండోది వేరే దూరంలో జరిగిన ఇంకో పేలుడు. దూరం మారితే ఇనుము గూని పక్కకు జరిగి కనిపించాలి. మూడోది ఏ పేలుడూ లేని ఖాళీ ఆకాశం. చివరి రెంటిలో ఏమీ లేదు, చూడనక్కర్లేదు.

దయచేసి నా ఉత్తరాలు ఇంకెవరికీ చదివి వినిపించకండి. సభ ఇంకా పది రోజులుంది.

ఇట్లు,
సంజాయిషీలో స్థిరపడిన
సత్తిబాబు

తా.క. గుట్ట యజమాని రెండోసారి కూడా ఫోన్ చేశాడట. ఈసారి చాలా మర్యాదగా. ఇనుము ఎంత లోతులో ఉందో చెప్పగలరా అని.

*

చిన్నగుండ్లగూడ,
ఆగస్టు 25.

సత్తిబాబు తమ్ముడికి,

అనంతమ్మ దీవించి రాస్తున్నది. మిమ్మల్ని తమ్ముడు అన్నందుకు ఏమీ అనుకోకండి. నా వల్ల మాట పడ్డారు. మాట పడ్డవాణ్ణి సార్ అనడానికి నోరు రావడం లేదు. మీ ఉత్తరాలు పెట్టెలో పెట్టి తాళం వేశాను.

మూడు కాగితాలూ చూశాను. మీరు చూడనక్కర్లేదన్నవి కూడా చూశాను. మా ఉద్యోగంలో చూడనక్కర్లేదు అన్న రిజిస్టరే ముందు చూడాలి. మూడింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుగుకు పట్టాను. మీరు సున్నా చుట్టిన గూని మూడింటిలోనూ ఉంది. రెండోదాంట్లో చిన్నగా ఉంది గానీ ఉంది. దూరం మారితే జరగాలన్నారు, జరగలేదు. ఖాళీ ఆకాశంలో కూడా అక్కడే ఉంది.

నాకు మీ చదువు తెలియదు. మా దగ్గర పిల్లల బరువు తూచడానికి వేలాడే కాటా ఉంది. దానికి గుడ్డ జోలె తగిలించి అందులో బిడ్డను కూర్చోబెడతాం. బిడ్డను పెట్టకముందే ముల్లు కొంత చూపిస్తుంది. అది జోలె బరువు. కొత్తగా చేరినప్పుడు అది తీసెయ్యడం మరిచి, ఒక నెలంతా ఊళ్ళో పిల్లలందరూ ఒళ్ళు చేశారని రాసి పంపాను. పైవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. తర్వాత నేనే ఏడ్చుకుంటూ దిద్దుకున్నాను.

మీరు జోలె బరువు తీసేశారా తమ్ముడూ?

ఇట్లు,
తప్పుగా అడిగితే మన్నించమని కోరే
అనంతమ్మ

తా.క. ఐదు గాజుముక్కల్లో మూడు పగిలాయి. తేదీలు రాసుకున్నాను. పగిలితే ఎవరినీ కూర్చోనివ్వొద్దని మీరన్నారు గదా. మొన్నటి నుంచి పిల్లలు వీరేందర్ వాళ్ళ వరండాలో ఉన్నారు. ఎవరినడిగి మార్చావని సూపర్‌వైజర్ మెమో ఇచ్చింది. సంజాయిషీ ఎట్లా రాయాలో జర చెప్పండి, మీకు అలవాటైంది గదా.

*

బడంగ్‌పేట్,
సెప్టెంబరు 8.

అనంతమ్మ అక్కయ్యకి,

సత్తిబాబు నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. నవ్వుతూ మా ఆవిడ వసుంధరకి వినిపించాను. తను బ్యాంకులో పనిచేస్తుంది. నవ్వలేదు. "తీసేశారా మరి?" అంది.

తీసేశాను అక్కయ్యా. మిషను సొంత వెలుగు తీసెయ్యడానికి ఒక పట్టిక ఉంది. కానీ అది ఉపగ్రహం కొత్తగా ఉన్నప్పుడు వేసింది. దాన్నే పదకొండేళ్ళుగా నమ్ముకున్నాను. ఆ రాత్రంతా కూర్చుని మళ్ళీ లెక్క వేశాను. మిషనును బిగించిన డబ్బా అల్యూమినియంది. అంతరిక్షంలో వచ్చి తగిలే కణాలకు అది తనంతట తాను కాస్త మెరుస్తుంది. ఆ మెరుపు ఇప్పుడు పట్టికలో ఉన్నదానికంటే పెరిగింది. సరిగ్గా అంత దూరంలో ఉన్న ఇనుము ఎక్కడ కనిపించాలో అక్కడే అది కనిపిస్తుంది. పదకొండు వందల కోట్ల ఏళ్ళ నాటి ఇనుమని నేను పూజ చేసింది మా డబ్బాకే.

సభకు వెళ్ళకుండా జ్వరం తెచ్చుకుందామనుకున్నాను. థర్మామీటరు పెట్టుకుంటే అదీ సహకరించలేదు. హరిప్రసాద్ గారు నన్ను పొగుడుతూ పరిచయం చేశారు. నేను లేచి, "ఇనుము లేదండీ, అది మన డబ్బా" అన్నాను. ఎవరు కనిపెట్టారని ఒకరడిగారు. "చిన్నగుండ్లగూడలో పిల్లల బరువు తూచే టీచరు గారు," అన్నాను. అందరూ నవ్వారు. ముందు వరసలో ఉన్న ప్రొఫెసర్ ప్రేమలత గారు మాత్రం నవ్వలేదు. "రెండేళ్ళ కిందట నేనూ అదే గూని చూసి ఇనుమనే అచ్చువేయించాను" అని లేచి, హ్యాండ్‌బ్యాగు కుర్చీలోనే వదిలేసి గబగబా వెళ్ళిపోయారు. తర్వాత తమ పాత గీతలు చూసుకోవాలంటూ ఒక్కొక్కరే లేచారు. చివరికి హాల్లో నేనూ, ఆ హ్యాండ్‌బ్యాగూ మిగిలాం.

నాకు రావలసిన ప్రమోషన్ ఫైలు మళ్ళీ అడుక్కి వెళ్ళింది. చిత్రమేమిటంటే నాకు హాయిగా ఉంది. సభలో ఒక్క అబద్ధమూ చెప్పలేదు గదా.

ఇట్లు,
జోలె బరువు తీసేశాక మిగిలిన
సత్తిబాబు

తా.క. మెమోకి సంజాయిషీ నమూనా జతచేశాను. "తమరికి తెలియనిది కాదు" అని మొదలుపెట్టండి. వాళ్ళకు తెలియని చోట అది బాగా పనిచేస్తుంది.

*

చిన్నగుండ్లగూడ,
సెప్టెంబరు 17.

తమ్ముడు సత్తిబాబుకు,

అనంతమ్మ రాస్తున్నది. ఇది కూర్చుని చదువుకో.

మొన్న సోమవారం పదకొండు దాటి ఐదు నిమిషాలకు పడమటి గోడ కూలింది. గుట్ట పేలింది, నేల అదిరింది, ఆ తర్వాత గోడ నిలువునా లోపలికి పడింది. పిల్లలు మధ్యాహ్నం పడుకునే చాపలు పరిచే చోటే పడింది.

అక్కడ ఎవరూ లేరు. పద్దెనిమిది మందీ వీరేందర్ వరండాలో గుడ్లు తింటున్నారు. చప్పుడు విని దుర్గవ్వ పరుగెత్తుకొచ్చి, పిల్లలను ఒక్కొక్కరినీ తాకి లెక్క పెట్టింది. పద్దెనిమిది వచ్చింది. మళ్ళీ పెట్టింది. "మల్ల లెక్కవెట్టు టీచరమ్మా, నా లెక్క మీద నాకు నమ్మకం లేదు," అని కూలబడి ఏడ్చింది. నేను లెక్కపెట్టాను. పద్దెనిమిదే. ఆ అంకె ఇంత బాగుంటుందని నాకెప్పుడూ తెలియదు.

మర్నాడు మూడు ఆఫీసుల వాళ్ళూ వచ్చారు. ఒకే బండిలో! పిల్లలను ముందే ఎట్లా మార్చావని అడిగారు. గాజుముక్కలు, తేదీల పుస్తకం చూపించాను. రాజశేఖర్ కూడా వచ్చాడు. శిథిలాల కింద నుంచి ఒక చాప లాగి, దుమ్ము దులిపి, మడిచి నాకిచ్చాడు. గుట్ట పని ఆపించారు. ఇరవై నాలుగున విచారణ. గాజు పద్ధతి చెప్పినాయన వచ్చి వాంగ్మూలం ఇవ్వాలన్నారు.

రావాలి తమ్ముడూ. ఈసారి దూరం అనకు.

ఇట్లు,
మీ నాన్నగారికి మనసులో దండం పెట్టుకున్న
అనంతమ్మ

తా.క. మెమో వెనక్కి తీసుకున్నారు. నీ నమూనా సంజాయిషీ వృథా కానియ్యలేదు, వీరేందర్‌కు ఇచ్చాను. భార్యతో చిన్న పేచీ ఉండె.

*

బడంగ్‌పేట్,
అక్టోబరు 6.

అనంతమ్మ అక్కయ్యకి నమస్కారాలు.

మీ ఇంట్లో తిన్న సర్వపిండి రుచి ఇంకా నోట్లోనే ఉంది. ట్రాక్టరు కుదుపులు ఇంకా నడుములోనే ఉన్నాయి. గడ్డి పరిచినందుకు వీరేందర్ గారికి థాంక్స్.

విచారణలో మీరు బయట ఉన్నప్పుడు జరిగింది చెప్పాలి. "మీరు ఏ విషయంలో నిపుణులు?" అని అడిగారు. "గామా పేలుళ్ళు," అన్నాను. టైపిస్టు "గ్రామ పేలుళ్ళు" అని కొట్టాడు. దిద్దుదామని పెన్ను తీశాను. సంతకం పెట్టేశాను. ఉద్యోగంలో చేరాక నాకొచ్చిన మొదటి నైపుణ్యం, దాన్నెందుకు వదులుకోవాలి?

గుట్ట అనుమతి రద్దయిందని హరిప్రసాద్ గారే నాకు ఫోన్ చేసి చెప్పారు. ఆయన గొంతు అంత మెత్తగా ఎప్పుడూ వినలేదు.

ఇంకో సంగతి. ఆ గూని ఇనుము కాదనీ, డబ్బా మెరుపనీ ఒక పరిశోధన పత్రిక నా దిద్దుబాటును అచ్చు వేస్తోంది. ఇంగ్లీషులో ఉంటుంది. రాసినవాళ్ళుగా ఇద్దరి పేర్లు పెట్టాను. మొదటి పేరు అనంతమ్మ, అంగన్‌వాడీ కేంద్రం, చిన్నగుండ్లగూడ. రెండోది నాది. ఇష్టమైతే జతచేసిన కాగితం మీద సంతకం పెట్టండి.

ఇట్లు,
రెండో పేరుతో తృప్తిపడిన
మీ తమ్ముడు సత్తిబాబు

తా.క. ప్రేమలత గారు కూడా తన పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. హ్యాండ్‌బ్యాగు మాత్రం ఇంకా తీసుకోలేదు.

*

చిన్నగుండ్లగూడ,
డిసెంబరు 12.

తమ్ముడు సత్తిబాబుకు,

అనంతమ్మ దీవెనలు. వసుంధరను అడిగానని చెప్పు.

అంగన్‌వాడీ ఇప్పుడు పంచాయతీ హాల్లో నడుస్తున్నది. కొత్త గదికి ముగ్గు పోశారు. గుట్ట చప్పుడు లేదు. పదకొండయ్యేసరికి కొందరు పిల్లలు అలవాటుకొద్దీ చెవులు మూసుకుంటారు. కాసేపు చూసి, ఏమీ వినబడక, మెల్లగా ఒక్కో చేయీ దించుతారు. నేను పని ఆపి చూస్తుంటాను.

అసలు సంగతి ఇది. మొన్న ఇటలీ నుంచి నాకు ఉత్తరం వచ్చింది! ఇంగ్లీషులో ఉంటే వీరేందర్ భార్య నిర్మల చదివి చెప్పింది, ఆమె హైస్కూలు టీచరు. పైన "డాక్టర్ అనంతమ్మ గారికి" అని ఉంది. మన దిద్దుబాటు చదివారట. వాళ్ళ ఉపగ్రహంలో కూడా గూని ఉందట, రెండు చోట్ల ఉందట. నాలుగు గీతల కాగితాలు పంపి, చూసి చెప్పమన్నారు. మా కేంద్రంలో ఎంతమంది పనిచేస్తున్నారని, మా దగ్గరికి వచ్చి కొన్నాళ్ళు నేర్చుకోవచ్చా అని అడిగారు.

మనకు జవాబు రాకపోతే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. అందుకని వెంటనే రాశాను. "అయ్యా, నేను డాక్టర్ను కాదు. మా కేంద్రంలో పద్దెనిమిది మంది ఉన్నారు. అందరూ ఐదేళ్ళ లోపు వాళ్ళు, అన్నం తిన్నాక పడుకుంటారు. మీ కాగితాలు కిటికీకి పట్టి చూశాను. రెండో గూని కూడా జరగడం లేదు. మీ డబ్బాకు మూత దేనితో చేశారో రాయండి. మీరు వచ్చేటట్టయితే తుక్కుగూడలో దిగండి, ట్రాక్టరు పంపుతాం." నిర్మల దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది. రిజిస్టర్డ్ పోస్టులో పంపించాను.

తప్పేమైనా రాశానంటావా?

ఇట్లు,
మొదటి పేరు దక్కించుకున్న
మీ అక్క అనంతమ్మ

తా.క. నాకు విదేశం నుంచి డాక్టర్ అని ఉత్తరం వచ్చిందని పోస్టుమ్యాన్ ఊరంతా చెప్పాడు. పైగా ఎక్స్-రే డాక్టర్ అన్నాడు. పొద్దున దుర్గవ్వ తన మోకాలి ఎక్స్-రే ఫిల్ము తెచ్చి చూడమని కూర్చుంది. కాదంటే వినలేదు. నీ గీతల కాగితాలు చూసినట్టే వెలుగుకు పట్టి చూశాను. ఇనుము కనబడలేదు. ఐరన్ గోలీలు ఇచ్చి పంపాను.